డైరెక్టరుగారి డబ్బా, నా పేరు

“పెద్దపేగు గురించి మాట్లాడ్డానికి సిగ్గుపడే సమాజం ఎన్నటికీ బాగుపడదు!”

మా పరిశోధన సంస్థ డైరెక్టరుగారు ఈ మాట అననిదే ఏ సభా ముగియదు. విటమిన్ డి పేరుకే విటమిననీ, ఒంట్లో అది చేసే పెత్తనమంతా హార్మోను పెత్తనమేననీ, దానికీ మిగతా హార్మోన్లకూ పెద్దపేగు క్యాన్సరుకూ ఉన్న చుట్టరికం తేల్చడానికే తాను పుట్టాననీ ఆయన నమ్మకం. ఇరవై ఏళ్లుగా తేలుస్తూనే ఉన్నారు. నేను ఆయన ల్యాబులో నమూనాల గుమాస్తాను. డబ్బాల మీద పేర్ల చీటీలు అతికించడం నా పని. చిన్న పనే, కానీ నా చెయ్యి తడబడిందా, సైన్సు మొత్తం తలకిందులే!

ఈమధ్య కొత్త హుకుం వచ్చింది. సిబ్బంది అందరూ రక్తమూ, బుల్లి డబ్బాలో మలమూ పరీక్షకు ఇవ్వాలి. రక్తం డైరెక్టరుగారే మొదట ఇచ్చారు. ఫొటోగ్రాఫరు వచ్చేదాకా సూది ఆపించి మరీ ఇచ్చారు. డబ్బా దగ్గరకొచ్చేసరికి తలుపేసి నన్ను పిలిచారు.

“నీది ఇచ్చేశావా?”

“ఇంకా లేదండి.”

“మంచిదైంది. ఇది నీ పేరున పెట్టెయ్.” బల్ల కిందినుంచి కాగితం సంచీ అందించారు. “కొన్నాళ్లుగా కడుపులో అదోలా ఉంటోంది. నా పేరు చూస్తే ల్యాబులో వాళ్లు నవ్వుకోరూ? హోదా అనేదొకటి ఉంటుంది కదయ్యా.”

“పేరుదేముందిలెండి” అని నా చీటీ అతికించాను.

పది రోజులకు ఫలితం కవరు నేరుగా మా ఇంటికొచ్చింది. మలంలో రక్తం జాడ ఉంది, వెంటనే పేగులోకి కెమెరా పంపి చూడాలని రాసుంది. నేను వెళ్లేసరికి మా ఆవిడ ఆ కాగితం పట్టుకుని వంటింట్లో కూలబడి ఏడుస్తోంది.

“నాకేం కాలేదే, అది మా సారుది” అని అసలు సంగతి చెప్పాను.

ఆవిడ కళ్లు తుడుచుకుంది. “పేగు ఆయనదైతే కాగితం మనింట్లో ఉంటే ఎట్లా? పొద్దున్నే వెళ్లి చెప్పండి. ప్రాణంతో పని.”

ఎంత డైరెక్టరైనా మనిషే కదా.

పొద్దున్నే వెళ్లాను. డైరెక్టరుగారు కాగితం మీద నా పేరు చదివి నా భుజం తట్టారు. “అధైర్యపడకు. తొందరగానే పట్టుకున్నాం. సెలవు పెట్టి పరీక్ష చేయించుకో.”

“సార్, డబ్బా మీది.”

ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. లేచి తలుపేసొచ్చి, “ఎవరికైనా చెప్పావా?” అన్నారు.

“లేదండి” అన్నాను, మా ఆవిణ్ణి లెక్కలోంచి తీసేసి. “కానీ ఈ పరీక్ష మాత్రం మీరే చేయించుకోవాలి. మీ పేగు నా దగ్గర లేదు.”

“సరే. నీ గుర్తింపు కార్డు ఇటివ్వు.”

“దాని మీద నా ఫొటో ఉందండి.”

“ఆ పరీక్షలో ముఖం ఎవడు చూస్తాడయ్యా?”

ఊరికి ఆ చివరున్న ఆసుపత్రిలో ఆయన నా పేరుతో పడుకున్నారు. నా పేరుతోనే పేగులో ఓ కణితి దొరికింది. ఇంకా క్యాన్సరుగా మారలేదట, అప్పటికప్పుడే తీసేశారు. నిజం చెబుతున్నాను, ఆ కబురు విని నాకు కన్నీళ్లొచ్చాయి.

నెల తిరక్కుండానే సంస్థలో పెద్ద సభ. డైరెక్టరుగారు నన్ను వేదిక ఎక్కించారు.

“సిగ్గు విడిచి పరీక్ష చేయించుకుని, బతికి బట్టకట్టిన మా గుమాస్తాను చూడండి. ఈ ధైర్యం మీ అందరికీ రావాలి.”

హాలంతా చప్పట్లు. నా చేతిలో జ్ఞాపిక పెట్టారు. ముందు వరసలో ఒకావిడ ముక్కు కూడా చీదింది. ఆయన పరువు నా నోట్లో ఉంది కనక నోరు మూసుకుని నవ్వాను.

ఇంటికొచ్చి మాత్రం మా ఆవిడ ముందు ఆయన్ని ఉతికి ఆరేశాను. “ఎంత చదివి ఏం లాభమే? చెప్పేవన్నీ శ్రీరంగ నీతులు. తన డబ్బా మీద తన పేరు రాసుకోలేని మనిషి!”

ఆవిడ జ్ఞాపిక అలమారాలో పెడుతూ, “మీ పేరున ఆయన ఇచ్చాడు. మరి మీది ఎవరి పేరున ఇచ్చారు?” అంది.

“అదీ... నా పేరున ఒకటి వెళ్లింది కదా అని...”

“ఇవ్వలేదన్నమాట.”

మర్నాడు నాచేత ఖాళీ డబ్బా తెప్పించేదాకా ఆవిడ ఊరుకోలేదు. చీటీ, కలం ముందు పెట్టుకుని కూర్చున్నాను. వేదికెక్కిన వీరుణ్ణి, మళ్లీ నా పేరున డబ్బా వెళితే ల్యాబులో ఏమనుకుంటారు? బాగా ఆలోచించి, గుండ్రటి అక్షరాలతో మా బావమరిది పేరు రాశాను. పాపం, మంచివాడు, ఏమీ అనుకోడు.