పోయిన ఇంజన్ కేసు

గాలి సర్కారువారి ఆస్తి. పీల్చుకోవడానికి ప్రస్తుతానికి దరఖాస్తు అక్కర్లేదు గానీ (ఈ లోపం సవరించడానికి కమిటీ వేశారని వినికిడి), దాని మీద ఎగరాలంటే మాత్రం పర్మిట్ ఉండి తీరాలి.

మా అక్క గుడారాలు కుడుతుంది. బావ ఇనప గేట్లు వెల్డింగ్ చేస్తాడు. ఇద్దరూ నానా తంటాలు పడి సన్నటి గొట్టాలతో, గుడారం గుడ్డతో ఒక గ్లైడర్ తయారుచేశారు. కొండ మీంచి అది ఎగరాలంటే పడమటి గాలి కావాలి. ఆ గాలి నెలాఖరుదాకానే వీస్తుంది, తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి. ఆగడం అనే విద్య మా అక్కకు పుట్టినప్పట్నుంచీ అబ్బలేదు.

పర్మిట్ల కార్యాలయానికి తోడుగా నేనూ వెళ్లాను. అధికారి మర్యాదస్తుడు, కుర్చీలు కూడా చూపించారు. భద్రతా సామగ్రి దగ్గరికి వచ్చేసరికి ఆయన పెన్ను ఆగింది.

"మంటలార్పే సిలిండర్ ఇంజన్‌కి మూరెడు దూరంలో ఉండాలమ్మా. మీదెక్కడ పెట్టారు?"

"ఇంజనే లేదు సార్. గ్లైడర్ కదా, గాలికే ఎగురుతుంది."

"ఎప్పట్నుంచి లేదు?"

"మొదట్నుంచీ లేదండీ."

"అంటే ఎప్పుడు పోయిందో కూడా తెలీదన్నమాట," అని ఆయన జాలిగా రాసుకున్నారు. పోయిన ఇంజన్ గురించి పోలీసు ఫిర్యాదు జతచేస్తే గానీ ఫైలు కదలదట.

స్టేషన్లో ఇన్‌స్పెక్టర్, "ఎవరిమీదైనా అనుమానముందా?" అని అడిగాడు. అప్పటికే ఒళ్లు మండిపోతున్న అక్క బావవైపు ఒక చూపు చూసింది. ఆ చూపు పుణ్యమా అని బావ సాయంత్రందాకా స్టేషన్ బెంచీ మీదే కూర్చున్నాడు.

పోలీసులు మెరుపు వేగంతో ఇంజన్ పట్టుకొచ్చారు. చూడబోతే ఎవరిదో మోటారు పడవది.

"ఇది మాది కాదండీ," అంది అక్క.

"మీది ఎలా ఉంటుందో చెప్పమంటే చెప్పలేకపోయారు. ఇది కాదని మాత్రం ఎలా చెప్తారు? సంతకం పెట్టండి."

ఇంజన్ బిగించి, దానికి మూరెడు దూరంలో సిలిండర్ తగిలించి, కొండ మీద అందరం కలిసి తోశాం. ఆ బరువుకి గ్లైడర్ నేల వదల్లేదు. తనిఖీకి వచ్చిన అధికారి దాని చుట్టూ తిరిగి చూసి, ఇంత సురక్షితమైన వాహనాన్ని తన సర్వీసులో చూడలేదని మెచ్చుకున్నారు. అయితే ఇంజన్ ఉంది కాబట్టి గ్లైడర్ పర్మిట్ ఇవ్వడం కుదరదన్నారు. అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. నెలాఖరు ముంచుకొచ్చేసింది మరి.

"పోనీ సార్," అంది అక్క ముక్కు తుడుచుకుని, "ఇంజన్ ఆగిపోయిన విమానం కిందికి దిగాలంటే ఏ పర్మిట్ కావాలి?"

ఆయన రూల్సు పుస్తకం తిరగేశారు. "దిగడానికి అక్కర్లేదమ్మా. లేవడానికే కావాలి. ఆపదలో బరువు తగ్గించుకోడానికి ఆ ఇంజన్ తీసి పారేసినా తప్పులేదు."

"నేను ఇప్పటికే కొండ మీద ఉన్నా కదండీ. ఇక్కణ్ణించి దిగుతాను."

ఆయన చాలాసేపు ఆలోచించి, ఎక్కడా అభ్యంతరం దొరక్క, "జాగ్రత్తగా దిగమ్మా," అన్నారు.

బావ క్షణంలో ఇంజన్ ఊడదీశాడు. అక్క దిగడం మొదలుపెట్టింది. ముందు కాస్త పైకి దిగింది. తర్వాత ఇంకా పైకి దిగింది. కొండ చుట్టూ రెండు చక్కర్లు దిగింది. బావ భయంతో, సంతోషంతో అరుస్తూ నీడ వెంట పరుగెత్తాడు. పైనుంచి అక్క నవ్వు మా అందరికీ వినిపించింది. నా జన్మలో అంత సంబరం ఎరగను. అధికారి కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని మెడ వెనక్కి వంచి చూస్తూ, "చక్కగా దిగుతోంది," అన్నారు.

ఆ ఏటి నివేదికలో ఆ కార్యాలయం పరిధిలో ఎగిరిన గ్లైడర్లు సున్నా, ప్రమాదాలు సున్నా. భద్రతను ఇంత పకడ్బందీగా కాపాడినందుకు అధికారికి ప్రమోషన్ ఇచ్చి, ఆస్పత్రుల విభాగం అప్పగించారు.