చిరుగు దుప్పటి దొంగ

"ఈ జిల్లాలో నేరమనేది ఇంకా తలెత్తుకు తిరుగుతోందంటే కారణం ఒక్కటే. దాని మీద ఈ నరసింగరావు డేగకన్ను ఇంకా పడలేదు."

ఈ ప్రకటన వీధి అరుగు మీద, ముగ్గురు మనుషులూ ఒక పెయ్యదూడా వింటుండగా జరిగింది. వంటింట్లో ఎండు నెత్తళ్ళ చేపల తలలు తుంచుతున్న సుభద్రమ్మ కూడా విన్నది. ఇరవై రెండేళ్ళ కాపరంలో మొగుడి డేగకన్ను పడనివి ఏమేమున్నాయో ఆమె దగ్గర వేరే జాబితా ఉంది. చెయ్యి ఆపకుండా మరో తల తుంచింది.

అది అరవై ఎనిమిదో సంవత్సరం, వైశాఖమాసం. నరసింగరావుకి నాలుగెకరాల పొలం ఉంది, అది కౌలుకిచ్చేశాడు గనక బోలెడు తీరిక కూడా ఉంది. శ్రీకాకుళం బజార్లో అద్దెకి దొరికే డిటెక్టివు నవలలన్నీ అయిపోయి, రెండోసారి మొదలుపెట్టాడు. ఒక భూతద్దం, ఒక నల్లకోటు, ఒక నోటుపుస్తకం సంపాదించాడు. ఎండ మండిపోతున్నా కోటు విప్పడు. ఇంతవరకూ ఆయన ఛేదించిన కేసు ఒక్కటే. పక్కింటి కూర్మయ్య గేదె తప్పిపోతే మూడురోజులు దాని గిట్టల జాడలు కొలిచాడు. నాలుగో రోజు గేదె తనంతట తానే ఇంటికొచ్చింది. "లొంగిపోయింది" అని నోటుపుస్తకంలో రాసుకున్నాడు.

ఇప్పుడు నేరం ఏకంగా ఆయన ఇంట్లోనే జరిగింది. బుధవారం ఇత్తడి చెంబు మాయమైంది. గురువారం చిరుగు దుప్పటి. శుక్రవారం అగ్గిపెట్టె, రెండు సోలల అటుకులు, ఒక బెల్లపచ్చు.

దొంగ సుభద్రమ్మే. చదివేవాళ్ళకి ఈ సంగతి ముందే చెప్పేస్తే నష్టం లేదు. కష్టపడి కనిపెట్టడానికి నరసింగరావు ఒక్కడు చాలు.

ఆ ఊరికి కళింగపట్నం నాలుగు కోసుల నడక. ఆషాఢంలో గాలి తిరిగితే సముద్రం హోరు పెరట్లోకి వినిపిస్తుంది. సుభద్రమ్మ సముద్రపు చేపలు వండడమే గాని సముద్రాన్ని చూడలేదు. చూపించమని పెళ్ళయిన కొత్తలో అడిగితే, బండి కట్టించి తీసుకెళ్తానన్నాడు. బండి అంటే ఆడపడుచులు, వాళ్ళ పిల్లలు, గిన్నెలు, పొయ్యిరాళ్ళు. అంటే సముద్రం ఒడ్డున కూడా పదిమందికి వండడం. ఆమెకి కావలసింది అది కాదు. కూతురి పెళ్ళయింది, కొడుకు శ్రీకాకుళంలో చదువుతున్నాడు. ఒక్క రాత్రి, మంచినీళ్ళిమ్మని ఎవరూ పిలవని చోట, తనొక్కతే పడుకుని లేవాలి. అంతే కోరిక. ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే చెబితే అది కోరికలాగ వినిపించదు, జబ్బులాగ వినిపిస్తుంది.

చెప్పింది ఒక్క తాతమ్మకే. తాతమ్మ కళింగపట్నం నుంచి ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని వారం వారం వస్తుంది. ముప్ఫై ఏళ్ళుగా పొద్దు ఎక్కడ కుంగితే అక్కడ పడుకునే మనిషి. ఒంటరిగా రాత్రి గడపడానికి ఏమేం పట్టుకెళ్ళాలని సుభద్రమ్మ గొంతు తగ్గించి అడిగితే, తాతమ్మ ముందు కాసేపు ఆమె మెడ వైపు చూసింది.

"నీకు ఏటేటి కావాలనిపిత్తాదో అయ్యన్నీ మూట కట్టు. నెత్తికెత్తుకోని నూతి సుట్టూ తిరుగు. నీ మెడ వద్దన్నదల్లా తీసీ. మనసు మాటినకు, అది మోసీది కాదు గదా."

దీపస్తంభానికి ఇవతల ఇసకలో చేపలు ఎండబెట్టి ఆడవాళ్ళు కాపలా పడుకుంటారని, వాళ్ళకి పిలుపంత దూరంలో దుప్పటి పరుచుకుంటే పలకరించమంటే పలకరిస్తారు, వద్దంటే ఊరుకుంటారని కూడా చెప్పింది.

ఆ రోజు నుంచీ మధ్యాహ్నం నరసింగరావు నేరాల గురించి ధ్యానం చేస్తూ గుర్రు పెడుతుంటే, సుభద్రమ్మ పెరట్లో మూట నెత్తిన పెట్టుకుని నూతి చుట్టూ తిరిగేది. మొదట్లో మూట పెళ్ళివారి సామానులా ఉండేది. నాలుగో చుట్టుకి చాప దిగిపోయింది. ఆరో చుట్టుకి ఆవకాయ జాడీ. ఎనిమిదో చుట్టుకి పటంలోని దేవుడు దిగిపోయాడు, ఆమె చెంపలేసుకుని ఆయన్ని గూట్లో పెట్టేసింది. చివరికి మిగిలింది నరసింగరావు పుస్తకంలోకెక్కిన ఆ కాస్త సామానే. మూటని ఖాళీ గాదెలో దాచింది.

శనివారం పరిశోధన మొదలైంది. మామూలు వేళల్లో నరసింగరావుది ఊరి మాటే. నేరం ఎదురైతే మాత్రం పుస్తకాల భాష వచ్చేది. కూర్మయ్య చేతికి పెన్సిలిచ్చి, పొయ్యిదగ్గర బూడిదలో పడిన అడుగుజాడని భూతద్దంలో చూస్తూ చెప్పాడు.

"రాసుకో. దొంగకి ఈ ఇంట్లో అణువణువూ తెలుసు. చెంబు ఎక్కడుంటుందో నాకే తెలియదు, వాడికి తెలిసింది. పాదం చిన్నది. అటుకుల డబ్బా తీసినవాడు మళ్ళీ మూత బిగించి, కింద పడ్డవి ఏరి, చీపురుతో ఊడ్చాడు. మంచి దుప్పటి వదిలేసి చిరుగుది పట్టుకుపోయాడు."

కూర్మయ్య పెన్సిలు ఆపి, "బావూ, ఇదంతా సూత్తే ఎవురో ఇంట్లో మసిలే ఆడమనిసి..." అని నసిగాడు.

"శభాష్. నేనూ అక్కడికే వస్తున్నాను. ఆడమనిషి వేషంలో తిరిగే పొట్టివాడు. కళింగపట్నం రేవు ముఠా మనిషి. ఆ దుప్పటి చిరుగుల్లో ఏదో రహస్య పటం ఉంది."

కూర్మయ్య వంటింటి వైపు చూశాడు. సుభద్రమ్మ పచ్చడి నూరుతోంది. కాస్త గట్టిగానే నూరుతోంది. అతను తనకిచ్చిన మజ్జిగ తాగేసి, పొట్టివాడు అని రాసుకున్నాడు.

ఆదివారం నరసింగరావు పొట్టివాడిని పట్టడానికి గాదెలో దూరాడు. సుభద్రమ్మ మూట ఉన్నది అందులోనే. పొద్దుటి నుంచి మూడు జాముల దాకా ఆయన అందులోనే ఉండి కంతలోంచి ఇల్లు కాపలా కాశాడు. చెమటలు కారుతూ బయటికొచ్చి, దొంగ చాలా తెలివైనవాడని, అయినా గాదెలో కూర్చోడానికి ఏదో మెత్తగా ఉండబట్టి సరిపోయిందని చెప్పాడు. చెంబు పోయింది గనక ఆమె గ్లాసుతో నీళ్ళిచ్చింది.

అంతవరకూ అంతా నవ్వులాటగానే ఉంది. సోమవారం ఉదయం నరసింగరావుకి పొట్టివాడి మీద మోజు పోయింది. పశువుల్ని చూసే పాలికాపు గంగుల్ని పిలిపించి అరుగు కింద కూర్చోబెట్టాడు. పుస్తకాల్లో చివరికి నమ్మకమైన పనివాడే దొంగగా తేల్తాడట. గంగులు పాదం బూడిదలో జాడకి రెండింతలు ఉంది. మునివేళ్ళ మీద నడిచి ఉంటాడని నరసింగరావు అన్నాడు. మర్నాడు ఠాణాకి అప్పగిస్తానన్నాడు.

గంగులు రెండు చేతులూ జోడించి, "బాబూ, ఈ ఎండల్లో దుప్పటేటి సేసుకుంతాను నాను" అన్నాడు. ఆ ప్రశ్నకి పుస్తకాల్లో జవాబు లేదు గనక నరసింగరావు వినిపించుకోలేదు.

తలుపు వెనక సుభద్రమ్మ అంతా విన్నది. కొండవైపు గిరిజనుల గొడవలతో ఠాణావాళ్ళు కారాలూ మిరియాలూ నూరుతున్న రోజులవి. కూలిమనిషిని తీసుకెళ్తే ముందు కొడతారు, తర్వాత పేరడుగుతారు. తను తీశానని ఇప్పుడు చెప్పేస్తే గంగులు బతికిపోతాడు. మూట విప్పేస్తారు, ఇక ఆ గడప దాటడం ఈ జన్మకి లేదు. చెప్పకపోతే మనిషి వీపు పగులుతుంది. ఆ వీపు పగిలాక సముద్రం ఎదురుగా పడుకున్నా నిద్రెలా పడుతుంది?

మజ్జిగ గ్లాసులు పళ్ళెంలో పెట్టుకుని అరుగు మీదికొచ్చింది. నరసింగరావు వంగి గంగులు పాదాన్ని కాయితం మీద అదిమి గీత గీస్తున్నాడు. ఆయన పక్కనే మూడు బ్యాటరీల టార్చిలైటు ఉంది, పట్టపగలు కూడా వదలడు. గ్లాసులు తీసుకుని వెనక్కి వెళ్ళేటప్పుడు పైటకొంగు కింద టార్చిలైటు కూడా వెళ్ళిపోయింది. గంగులు చూశాడు. చూసి, తల దించుకుని తన పాదాన్నే శ్రద్ధగా పరిశీలించసాగాడు.

కాసేపటికి నరసింగరావు కేక వీధి చివరిదాకా వినబడి జనం పోగయ్యారు. ఆయన కళ్ళెదుటే, ఆయన పక్కనుంచే ఆయన ఆయుధం పోయింది. గంగులు కాలు మాత్రం ఆయన చేతిలోనే ఉంది. ఇంతమంది సాక్షులుండగా గంగులు దొంగ కాడని తేల్చక తప్పలేదు. వదిలేశాడు. గంగులు పశువుల పాకలోకి పోతూ వంటింటి గుమ్మం వైపు ఒకసారి తలవంచి వెళ్ళాడు.

పరువు పోయిన నరసింగరావు సాయంత్రం కచేరీ సావిడి దగ్గర ఊరందరి ముందూ శపథం చేశాడు. రేపు పొద్దు నడినెత్తికొచ్చేసరికి దొంగని చేతులు కట్టి ఇక్కడ నిలబెడతాను, లేకపోతే భూతద్దం నూతిలో పారేస్తాను. ఎక్కడ మాటు వేస్తాడో తన ఎడమచేతికి కూడా తెలియనివ్వనన్నాడు. ఇంటికొచ్చి భార్యతో, రేపు తెల్లారకుండానే వెళ్తాను, నా కోసం చూడకు అన్నాడు.

ఆమెకి అంతకంటే మంచి మాట ఇరవై రెండేళ్ళలో ఆయన చెప్పలేదు.

తెల్లారాక సుభద్రమ్మ గంజి వార్చి, అన్నం కుండ మీద మూతపెట్టి, తలుపు గొళ్ళెం వేసి, మూటెత్తుకుని పెరటి దారిన పడింది. కొంగు ముఖం మీదికి లాక్కుంది. కళింగపట్నం బాట ఎక్కాక, ఎవరూ వెనక నుంచి పిలవకపోవడం కొత్తగా తోచి రెండుసార్లు తనే వెనక్కి తిరిగి చూసింది.

నరసింగరావు కూడా ఆ బాటలోనే ఉన్నాడు. దొంగసొత్తు రేవుకే పోవాలని తేల్చుకుని, ఒళ్ళంతా బూడిద పూసుకుని, బైరాగి వేషంలో తాటితోపు దగ్గర కూర్చున్నాడు. బూడిద కింద నల్లకోటు కనబడుతూనే ఉంది. అప్పటికే దారినపోయే నలుగురు "ఏటి నరసింగరావు బావూ, ఇక్కడ కూకున్నావు" అని పలకరించి వెళ్ళారు. సుభద్రమ్మ కూడా దూరం నుంచే పోల్చుకుంది. వెనక్కి మళ్ళితే అనుమానం. కొంగు మరింత లాక్కుని, ఎవరో దారినపోయేదానిలాగ ముందుకే నడిచింది. ఆయన ఒకసారి తలెత్తి చూశాడు. మూటెత్తుకున్న ఆడది. ఆయన వెతుకుతున్నది పొట్టివాడిని. తల తిప్పేసుకున్నాడు.

ఆమె దాటిపోయేదే. కానీ ఆయన కూర్చున్నది ఎర్రచీమల పుట్ట మీద. అవి ఇంతసేపూ కోటు లోపల దారులు వెతుక్కుని, అన్నీ కూడబలుక్కున్నట్టు ఒక్కసారి కుట్టాయి. నరసింగరావు "ఓలమ్మో" అంటూ బాట మీదికి ఒక్క దూకు దూకి, మూట మనిషిని గుద్దుకుని, ఆమెతో సహా దుమ్ములో పడ్డాడు. మూట ముడి ఊడింది.

బూడిద కళ్ళు తుడుచుకుని చూశాడు. టార్చిలైటుని మొదట గుర్తుపట్టాడు. తర్వాత చెంబుని. తర్వాత దుప్పటిని. పెళ్ళాన్ని ఆఖర్న గుర్తుపట్టాడు.

"నువ్వా?"

"నానే."

"మరి ముఠా ఏదీ?"

"ముఠా నేదు, ఏటీ నేదు. నానొక్కదాన్నే." కూర్చునే చెప్పింది. ఈ రాత్రి సముద్రం ఒడ్డున పడుకుని రేపు మధ్యాహ్నానికి వచ్చేస్తానంది.

నరసింగరావు బాటకి ఆ చివరా ఈ చివరా చూశాడు, ఎవడైనా మగాడు కనిపిస్తాడేమోనని. ఒక మేక కనిపించింది. పుస్తకాల్లో ఆడది ఇల్లు విడిచిందంటే ప్రియుడో, విషమో, వజ్రాలో ఉండాలి. ఇక్కడ అటుకులున్నాయి. చీమలు ఇంకా కుడుతున్నాయి. పుస్తకాల భాష ఎప్పుడో పోయింది.

"నడు ఇంటికి" అన్నాడు.

సుభద్రమ్మ లేవలేదు. దారి ఇంకా మూడు కోసులు ముందుకే ఉంది, ఇల్లు ఒక్క కోసు వెనక్కి ఉంది. అటుకులు ఏరి మూట కట్టి, ముడి బిగించింది.

"సరే, వత్తాను. మధ్యాన్నానికి దొంగని తెత్తానన్నావు గదా, ఊరంతా కచేరీ కాడ కూకునుంటాది. నా సేతులు కట్టీ, నడు. గంగుల్ని ఠాణాకి లాక్కెల్దామన్న ఇసయం అడుగుతారు, సెప్తాను. గాదెలో నువ్వు పూటంతా దేని మీద కూకున్నావో అదీ సెప్తాను."

నరసింగరావు మూటని వేలితో నొక్కి చూశాడు. తర్వాత, "గాదెలో మెత్తగా ఉన్నది... ఇదేనా?" అన్నాడు.

"ఇదే."

ఆయన కోటు విప్పి దులుపుకున్నాడు. ఆ వైశాఖంలో ఆయన కోటు విప్పడం అదే మొదలు. సుభద్రమ్మ లేచి, కొంగుతో చుట్టకుదురు చుట్టి నెత్తిన పెట్టుకుని, మూట వైపు చూపించింది.

"ఎత్తు" అంది.

ఆ దారుల్లో మూటమనిషి ఎత్తమంటే ఎత్తనివాడు లేడు. కరణమైనా, బైరాగైనా చేతులు వాటంతటవే లేస్తాయి. నరసింగరావు చేతులు కూడా లేచాయి. దొంగసొత్తుని దొంగ నెత్తికెత్తి, రెండువైపులా సమంగా ఉందో లేదో కూడా చూశాడు.

"ఇది బరువు, నువ్వే పట్టుకో" అని ఆమె టార్చిలైటు చేతికిచ్చింది.

"ఊరోళ్ళకి మరేటి సెప్పాల?"

"దొంగని పొలిమేర దాటించీసినానని సెప్పు. అబద్దం కాదు గదా."

ఆ మాట ఆయనకి నచ్చింది. ముఖంలోకి కాస్త తేజస్సు వచ్చింది. రెండడుగులు వేసి ఆగి, వెనక్కి తిరిగాడు. "మరి నాకు కూడు?"

"ఇంట్లోనే ఉన్నాది, బావా. పరిశోదించు."

నెత్తిన మూట ఉన్న మనిషి నవ్వకూడదు, మెడ కదిలిపోతుంది. సుభద్రమ్మ పెదవులు బిగబట్టుకుని తాటితోపు దాటింది, మలుపు దాటింది. ఇంక పట్టలేక మూట దించి, బాట పక్కన కూలబడి, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. తర్వాత ముఖం తుడుచుకుని లేచి, మూటని మోకాలి మీదికి తెచ్చుకుని, అక్కణ్ణుంచి భుజానికి, భుజం మీంచి నెత్తికి ఎత్తుకుంది. దారిన ఒకాయన వస్తూనే ఉన్నాడు గానీ, ఆమె ఎత్తమని అడగలేదు.