మొదటి జెండా ఎవరు కుట్టారు

ఆ ఉదయం తాతయ్య వేసుకున్న పథకం చిన్నదే. తమ పార్టీ యాభయ్యేళ్ళ చరిత్రను పదింటికల్లా ముగించి అచ్చుకు పంపాలి. ఆయన చెబుతుంటే మనవరాలు రాస్తోంది.

"మొదటి సభ దర్జీ కొట్టులో జరిగింది. మొదటి జెండా దర్జీయే కుట్టాడు. 'ఈ నేలను ప్రేమించేవాడే ఈ నేల బిడ్డ' అని ప్రతిజ్ఞ రాసిందీ అతనే..."

అంతలో పార్టీ కార్యదర్శి వచ్చి, కాగితాలు నిలబడే చదివాడు.

"దర్జీ ఎందుకండీ ఇందులో? ఆయన సరిహద్దు అవతల పుట్టాడు. ఇక్కడ పుట్టినవాళ్ళే మనవాళ్ళని తీర్మానం చేసిన రోజే రాజీనామా మొహాన కొట్టాడు కదా!"

"కొట్టాడులే. కానీ కుట్టింది అతనేగా?"

"తీసెయ్యండి. లేకపోతే పుస్తకం అచ్చుకు వెళ్ళదు."

మూడేళ్ళ శ్రమ అది. తాతయ్య గొంతు తగ్గించి, "కొట్టెయ్యమ్మా" అన్నాడు.

"మరి జెండా దానంతట అదే కుట్టుకుందా తాతయ్యా?"

కార్యదర్శి తాతయ్య వైపు తిరిగాడు. "మీరే కుట్టారని రాయించండి. పెద్దవారు, ఎవరడుగుతారు?"

అందరూ అడిగారు. పుస్తకం వచ్చిన వారానికి బడివాళ్ళు కుట్టుపనుల పోటీకి న్యాయనిర్ణేతగా పిలిచారు. పక్కింటావిడ చిరిగిన దిండు గలీబు పట్టుకొచ్చింది.

"చొక్కా గుండీ ఊడితే నెల్లాళ్ళు నా వెంట తిరిగే మనిషి!" అంది నానమ్మ, గలీబు తనే కుడుతూ.

తాతయ్య రెండుసార్లు దర్జీ కొట్టు దాకా వెళ్ళాడు. రెండుసార్లూ మలుపులోంచే వెనక్కి వచ్చేశాడు.

చివరికి స్వర్ణోత్సవ సభలో ఆయన్ని వేదిక మీద కుట్టుమిషను ముందు కూర్చోబెట్టారు. అందరి ముందూ కొత్త జెండా కుట్టాలట. దారం సూదిలోకి ఎక్కలేదు. తలెత్తితే ఆఖరి వరసలో దర్జీ కనిపించాడు. తాతయ్య దారం వదిలేసి మైకు అందుకున్నాడు.

"నేను అబద్ధం రాయించాను. జెండా కుట్టింది దర్జీ. ప్రతిజ్ఞ రాసింది దర్జీ. నాకు గుండీ కుట్టడం కూడా రాదు."

పక్కనే ఉన్న పార్టీ అధ్యక్షుడు కళ్ళు తుడుచుకున్నాడు.

"చూశారా! అంతా ఈయనే చేసి, మనల్ని కాదని పోయినవాడికి ఆ పేరు ఇచ్చేస్తున్నారు. ఇదీ మన పార్టీ సంస్కారం!"

చప్పట్లు మోగిపోయాయి. "కాదయ్యా, నిజంగానే..." అంటుండగానే మైకు చేతులు మారింది. దర్జీ లేచి గుమ్మం వైపు నడిచాడు.

"ఒరేయ్, ఆగరా!" అన్న తాతయ్య కేక ఆ చప్పట్లు దాటి వెళ్ళలేదు.

రెండో ముద్రణలో తాతయ్య వినయం మీద ఒక అధ్యాయం చేరింది.