తెల్ల కొమ్మ

ఫిబ్రవరి రెండో ఆదివారం పొద్దున షిహో పెట్టుకున్న పని చిన్నదే. మామగారు గెంకిచి ఊరి స్నానశాలకు వెళ్ళి వచ్చేలోగా ఆయన ప్లమ్ చెట్టును గుడ్డలో మూట కట్టి గుమ్మంలో ఉంచాలి. ఆ రోజు బోన్సాయ్ సంఘం ప్రదర్శన. చెట్టు మూరెడు కూడా లేదు గానీ, దాని వయసు మామగారి పెళ్ళి కంటే ఎక్కువ. గులాబీ రంగు పూలు సరిగ్గా ఆ రోజుకే విచ్చుకోవాలని గెంకిచి గారు నెల్లాళ్ళుగా దాన్ని వసారాలోంచి గదిలోకి, గదిలోంచి వసారాలోకి పసిబిడ్డను మోసినట్టు మోశారు.

షిహో కుక్కర్లో అన్నం చూసి వచ్చేసరికి మూడేళ్ళ కూతురు నావో చెట్టు ముందు చతికిలబడి ఉంది. కింది కొమ్మ బోడిగా ఉంది.

“పూలేవే?”

“బొమ్మకి చారు కాచా.”

బొమ్మ గిన్నెలో పదమూడు పూలు నలిగి ముద్దయ్యాయి. షిహో రోజుకు వంద భయాలు పడే మనిషి. ఈ భయం మాత్రం ఆ వందలో లేదు.

గులాబీ రంగు ప్లమ్ పూల కోసం కిటికీలోంచి వీధంతా వెతికింది. కనిపించినదల్లా పక్కింటి గోడ మీంచి ఇటు వంగిన తెల్ల ప్లమ్ కొమ్మే. అడక్కుండానే పదమూడు పూలు తుంపింది. వేడి మెతుకులు నలిపి జిగురు చేసి, ఒక్కో పువ్వునూ కొమ్మకు అంటించింది. ‘కింది కొమ్మే కదా, నీడలో రంగెవరు చూస్తారు’ అనుకుంది. అనుకోగానే చెవులు వేడెక్కాయి.

“అమ్మా, చెట్టుకి అన్నమా?”

“నోర్ముయ్. తాతకి చెప్పకు.”

గెంకిచి గారు వచ్చారు, కళ్ళజోడు పెట్టుకుని మూట ఓసారి విప్పి చూసుకున్నారు, మళ్ళీ కట్టారు.

సంఘం అధ్యక్షుడు సుగివరా ప్రదర్శనల్లో గెంకిచి గారి చెట్టు ముందు ఏనాడూ ఆగిన మనిషి కాడు. ఆ రోజు రెండడుగులు దాటి, వెనక్కి వచ్చాడు.

“ఏవోయ్ గెంకిచీ! ఇది రెండు రంగులు పూస్తోందే!”

ఒకే చెట్టుకు గులాబీ, తెలుపు కలిసి పూసే రకం కోసం ఆ సంఘం వాళ్ళు ప్రాణం పెడతారు. క్షణంలో జనం మూగారు. షిహో తల వంచుకుంది. పైకి చూస్తే ముఖంలోనే మెతుకు కనిపిస్తుందేమోనని భయం.

“ఇన్నాళ్ళూ దాచావన్నమాట! ఏం పెడుతున్నావయ్యా దీనికి?”

“అన్నం!” అంది నావో.

అందరూ ఘొల్లుమన్నారు. నలుగురు మాత్రం నవ్వుతూనే చీటీల మీద రాసుకున్నారు.

“పూత అయ్యాక ఎలాగూ కొమ్మలు కొయ్యాలి కదా. ప్లమ్‌ని కొయ్యనివాడు వెర్రివాడని పెద్దలే అన్నారు. ఆ తెల్ల కొమ్మ మాకు ఇయ్యి, తలా ఒక ముక్క అంటు కట్టుకుంటాం,” అన్నాడు సుగివరా. పదకొండు చేతులు లేచాయి. గెంకిచి గారు చెమట తుడుచుకుని, తలూపారు.

ఇంటికి రాగానే షిహో చాప మీద నుదురు ఆనించింది. “మామయ్యగారూ, తప్పు చేశాను. ఆ పూలు...”

“మెతుకు నాకు ఇంట్లోనే కనపడిందమ్మా.”

“మరి చెప్పలేదేం?”

“అక్కడ ఆ కొమ్మ వెనక్కి పోయేలా కుండీ తిప్పి పెడదామనుకున్నా. ఈలోగా సుగివరా ఆగాడు. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి ఆగాడు. నోరు పెగల్లేదు.” ఆయన చెవులు కూడా ఎర్రబడ్డాయి. “నీది ఒక పొద్దుటి సిగ్గు. నాది చూడు, పదకొండు ముక్కలై ఊరంతా చేరబోతోంది.”

మామాకోడళ్ళు ఆ సిగ్గుతో మూడేళ్ళు నెట్టుకొచ్చారు. వీధిలో సంఘం వాళ్ళు ఎదురైతే ఇద్దరూ చెరో సందులోకి తిరిగేవారు. ఊళ్ళో ప్లమ్ కుండీలన్నిటికీ గంజి పోస్తున్నారని తెలిసిన రోజు షిహోకి ముద్ద దిగలేదు.

అంటు కొమ్మలు మొదటిసారి పూసే ఏడు, ప్రదర్శన రోజు వచ్చింది. “ఇవాళ అన్నీ గులాబీ రంగే పూసి ఉంటాయి. వాళ్ళు అడిగేలోపు మనమే చెప్పేద్దాం,” అన్నారు గెంకిచి గారు. తన చెట్టును ఉన్నదున్నట్టు, నిండా గులాబీ రంగు పూలతో మూట కట్టించారు. దారిలో క్షమాపణ నాలుగుసార్లు వల్లించుకున్నారు.

హాల్లో పదకొండు కుండీలు వరసగా ఉన్నాయి. పదకొండింటికీ కింది కొమ్మ నిండా తెల్లపూలే.

గెంకిచి గారు క్షమాపణ మరిచిపోయారు. షిహో మొదటి చెట్టు మీదికి వంగింది. తెల్ల పువ్వు మొదట్లో ఎండిన మెతుకు. రెండో చెట్టుకూ మెతుకే. సుగివరా చెట్టుకు మాత్రం దంపుడు బియ్యపు మెతుకు.

“అమ్మా, ఇక్కడ కూడా అన్న...” అంది నావో.

పదకొండు తలలు ఒక్కసారి ఇటు తిరిగాయి. షిహో పిల్ల నోట్లో బియ్యపు అప్పడం కుక్కింది.

గెంకిచి గారి గులాబీ రంగు పూల చెట్టు ముందు సుగివరా రెండోసారి ఆగాడు. చాలాసేపు చూసి, జాలిగా ఆయన భుజం తట్టాడు.

“సిగ్గుపడకు గెంకిచీ. తెల్లపూలు నిలబెట్టుకోవడం అందరివల్లా అయ్యే పని కాదు.”