ఫైనల్ మీద ఫైనల్

"దింపుండ్రి! ముందుగాల దాన్ని కిందికి దింపుండ్రి!"

మెదక్ చర్చి దగ్గరి ఫంక్షన్ హాలు గేటు ముందు కృపాదానం గొంతు పగిలేలా అరుస్తున్నాడు. ఆ రోజు ఆయన కూతురు ఫేబ పెళ్లి. గేటుకు కట్టిన పెద్ద ఫ్లెక్స్‌లో ఫేబ తెల్లచీరలో నవ్వుతోంది. పక్కన పెళ్లికొడుకు అనూప్ ఉండాల్సిన చోట ఎవరో ముసలాయన ఉన్నాడు. ఆయన మెడలో కాదు, ఆయన ఫొటోకే దండ వేసి ఉంది.

ఫ్లెక్స్ సగం ఊడేసరికి రామాయంపేట నుంచి పెళ్లికొడుకు కారు వచ్చి ఆగింది. అనూప్ తండ్రి యోసేపు దిగాడు. దిగడమే కోపంతో దిగాడు. రేగోడ్‌లో ఎవరివో దినాల దగ్గర అనూప్ ఫొటోతో శ్రద్ధాంజలి ఫ్లెక్స్ కట్టారు. అది వాట్సాప్‌కెక్కింది. దారంతా పరామర్శలే. ఒకాయనైతే పెళ్లికొడుకుకే ఫోన్ చేసి, మట్టి చేసేది ఎన్ని గంటలకని అడిగాడు.

"బావా, సంబంధం ఇష్టం లేకుంటే మొకం మీద చెప్పాలె. బతికున్న పోరన్ని చంపుతరా?"

"నేనేం చేసిన బావా? ఫ్లెక్స్ కొట్టినోన్ని అడుగు!"

"అడుగుత. ఎవడు చేసిండో పేరు తెల్వాలె. తెలిసేదాక నా కొడుకు కారు దిగడు."

కారు అట్లాగే వెనక్కి తిరిగి బద్రుద్దీన్ ఫ్లెక్స్ దుకాణం ముందు ఆగింది. వెనకే స్కూటర్ మీద కృపాదానం వచ్చాడు. బద్రుద్దీన్ చాయ్ పక్కన పెట్టి, విషయం సగం వినీ వినకముందే డిజైన్ చేసే అమ్మాయి అఫ్షా వైపు వేలు చూపించాడు.

"గామెనే చేసింది భాయ్. ఏం బేటీ, పెండ్లికి చావుకు ఫరక్ తెల్వదా?"

"ఒక్కసారి స్క్రీన్ చూడుండ్రి చాచా. సక్కగనే ఉన్నది."

నిజంగానే చక్కగా ఉంది. ఫేబ పక్కన అనూప్, వాళ్ల కింద బంధువులందరూ తపాలా బిళ్లలంత ఫొటోల్లో ఉన్నారు.

"అయితే మళ్ల కొట్టు. మా కండ్ల ముందల కొట్టు" అన్నాడు కృపాదానం.

మెషిన్ గరగరమంటూ కొత్త ఫ్లెక్స్‌ను బయటికి తోసింది. ఈసారి అనూప్ వచ్చాడు. కానీ ఫేబ ఉండాల్సిన చోట, ఎల్దుర్తి పాలవ్యాపారి ఆర్డరిచ్చిన ముర్రా బర్రె నిలబడి ఉంది.

యోసేపు దానివంక చూశాడు. "బావా, గిప్పుడు బర్రెనిచ్చి చేస్తున్నవా?"

కృపాదానం బద్రుద్దీన్ కాలర్ పట్టుకున్నాడు. అదే సమయంలో బద్రుద్దీన్ ఫోన్ మోగింది. రేగోడ్ నుంచి ఐలవ్వ. పోయిన గాలయ్య ఆమె భర్త.

"మా ఆయన ఫొటో కాడ సూటేసుకున్న పోరడు పండ్లికిలిస్తున్నడు! పిట్టకు పెడితే కాకి ముడుత లేదు. మా ఆయన ఏడున్నడు?"

కాలర్ ఇంకా కృపాదానం చేతిలోనే ఉంది. "పెండ్లికి వచ్చిండమ్మా" అన్నాడు బద్రుద్దీన్. తర్వాత ఆమె తిట్టినవన్నీ ఓపిగ్గా విని, ఫోన్ పెట్టి, వాటిని అఫ్షాకు అప్పజెప్పాడు. "రేపటి సంది పనికి రాకు!"

అఫ్షాకు మండిపోయింది. మెషిన్ అమ్మిన కంపెనీకి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి టేబుల్ మీద కొట్టినట్టు పెట్టింది. హైదరాబాద్ నుంచి అమరేందర్ అనే ఇంజనీర్ పలికాడు. మొదట కరెంటు తప్పన్నాడు. తర్వాత వైరస్ అన్నాడు. చివరికి ఫైల్ పేరు చదవమన్నాడు.

"కృపాదానం సార్ బిడ్డ పెండ్లి ఫ్లెక్స్ ఫైనల్, మేనత్త ఫొటో పెట్టినంక ఫైనల్, చిన్న బాపు అలిగినంక ఫైనల్, యోసేపు సార్ తోడల్లుడి ఫొటో పెద్దగ చేసినంక అస్సలు ఫైనల్."

మెదక్‌లో ఫ్లెక్స్ మీద మొహం లేని బంధువు పెళ్లికి రాడు. వచ్చినా భోంచేయడు. అందుకే ప్రతి మార్పునూ పాత పేరుకు తగిలించడం ఆ దుకాణం అలవాటు.

కృపాదానం కాలర్ వదిలేశాడు. "ఆఖరిది ఎవలది బావా?"

యోసేపు మొహం తిప్పుకుని, ఫ్లెక్స్ మీది బర్రెను శ్రద్ధగా చూడసాగాడు.

"చూసిండ్రా, తప్పు మీదే!" అమరేందర్ గొంతులో ప్రాణం వచ్చింది. "కంప్యూటర్ మాట మెషిన్‌కు చెప్పే సాఫ్ట్‌వేర్ ఉంటది, ప్రింటర్ డ్రైవర్ అంటరు. అది మెమరీల పేరుకు కొంచెం జాగ ఇస్తది. పేరు పొడుగైతే పక్క జాగ మీద పడి రాసుకుంట పోతది. ఏ ఫొటో యాడున్నదో చెప్పే లెక్క ఆ పక్క జాగలనే ఉంటది. అది చెడిపోతే చేతికి దొరికిన ఫొటో కొడ్తది."

"జాగ నిండిందని చూసుకోదా?" అఫ్షా నిలదీసింది.

"చూసుకోదు మేడం. మావోళ్లు ఇంగ్లీష్ పేర్లతోనే టెస్ట్ చేసిండ్రు. తెలుగు అక్షరం మూడింతల జాగ తింటది."

"తెలుగోళ్లకు అమ్మేటప్పుడు తెల్వదా?"

యోసేపు ఫోన్ లాక్కున్నాడు. నేరం తన తోడల్లుడి దాకా వచ్చి ఆగింది. దాన్ని ఇంకొంచెం ముందుకు నెట్టాల్సిన అవసరం ఆయనకు చాలా ఉంది. "గీ సంగతి మీకెప్పుడు తెలిసింది?"

"పోయినేడు సార్."

"యాడాది సంది తెలిసి కూసున్నరా? నా కొడుకును చంపేదాక?"

"నా బిడ్డను బర్రెను చేసేదాక?" కృపాదానం ఫోన్ మీదికి వంగి అరిచాడు.

"నేను పెండ్లిళ్లు, చావులు ఒక్క మెషిన్ మీదనే కొడుత!" బద్రుద్దీన్ కూడా అందుకున్నాడు.

కృపాదానం జేబులో ఫోన్ మోగింది. చర్చి నుంచి ఫేబ. "డాడీ, మన తర్వాతి పెండ్లోళ్లు లోపలికి వస్తున్నరు. పాస్టర్ అయ్యగారు ఇంక ఆగరట. మీరొస్తరా, నేను ఇంటికి పోవాల్నా?"

యోసేపు ఆ మాట విన్నాడు. కారులో కూర్చున్న కొడుకు వైపు చూశాడు. టేబుల్ మీద గుద్దాడు.

"ఆఖరి మాట. పొడుగు పేరు పెట్టుడు తప్పా? చూసుకోకుంట పక్క జాగల రాసుడు తప్పా? పేరు చెప్పు!"

అమరేందర్ గొంతు తగ్గించాడు.

"తప్పు మా డ్రైవర్‌ది సార్."

"నడువురా చర్చికి!" యోసేపు కారు వైపు పరుగెత్తాడు. తోడల్లుడి ఊసు ఎక్కడ వస్తుందోనని, కృపాదానాన్ని కూడా భుజం పట్టి కార్లోకి ఎక్కించాడు.

ఖాళీ అయిన దుకాణంలో అమరేందర్, ఈ సేవకు అయిదు స్టార్లలో ఎన్ని ఇస్తారని అడుగుతూనే ఉన్నాడు.