ఆరు పౌండ్ల మాట

శనివారం పొద్దున మేవిస్ థ్వైట్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పన్నెండు ఆపిల్ టార్టులు చేసి, నీలం బిస్కెట్ల డబ్బాలో సర్ది, పైన తన చీటీ పెట్టి, ఊరి హాలులో ఇచ్చి రావాలి. ఆ రోజు మాటల వేలం. చర్చి కప్పు కారినప్పుడల్లా ఆ యార్క్‌షైర్ లోయలో జరిగేదే. పచ్చిక కోసిపెడతానని ఒకరు, కుక్కని తిప్పుకొస్తానని ఒకరు చీటీ రాసిస్తారు. పాట ఎవరు గెలిస్తే వాళ్లకి ఆ పని చేసిపెట్టాలి. మేవిస్ ఈసారి తన చీటీ తనే రాసింది. భర్త సిరిల్ పోయాక, అరవై ఎనిమిదో ఏట, బస్సెక్కి పక్క ఊరికి వెళ్లి అక్షరాలు నేర్చుకుంది. అంతకుముందు రావన్న సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు.

అలాంటి నీలం డబ్బా ఇంట్లో ఇంకొకటి ఉంది. ఉత్తరాలు పంచుతూ తిరిగిన సిరిల్, పాత ఇంగ్లీషు మాటలు ఏరి, చీటీల మీద అర్థాలు రాసి అందులో దాచాడు. అన్నీ మాట ఇవ్వడానికీ, ఖరీదుకీ, దుఃఖానికీ సంబంధించినవే. "పెళ్లయినవాడికి ఈ మూడు రకాలూ చాలు" అనేవాడు. సాయంత్రం చీటీ పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి, "మేవిస్, ఒక్క నిమిషం కూర్చో, ఇది విను" అనేవాడు. "గ్రేవీ మాడుతోంది, తర్వాత చెబుదువుగాని" అనేది ఆవిడ. నలభై ఏళ్లు ఆ గ్రేవీ మాడుతూనే ఉంది. ఇప్పుడు ఆదివారానికొక చీటీ కూడబలుక్కుని చదువుకుంటోంది. ఇంకొక్కటే మిగిలింది, గులాబీరంగుది. రేపు దాని వంతు.

హాలుకి నడుస్తుంటే డబ్బా తేలిగ్గా ఉంది. టార్టులు ఈసారి గుల్లగా కుదిరాయని మురిసిపోయింది.

గొర్రెల సంతలో వేలంపాటలు నడిపి రిటైరైన గార్బట్ ఆ డబ్బాలోనే మొదట చెయ్యి పెట్టాడు. కళ్లజోడు మర్చిపోయి వచ్చాడేమో, పెద్ద అక్షరాలు తప్ప కిందున్న అర్థం కనబడలేదు. "వాన్‌హోప్! ఎవరిక్కావాలండీ వాన్‌హోప్?"

మేవిస్ పొరపాటున పట్టుకొచ్చింది సిరిల్ డబ్బా. అవి మా ఆయనవి అని లేచి చెప్పొచ్చు. "అయితే ఇలా వచ్చి చదివి చెప్పమ్మా" అంటాడు గార్బట్. అంతమంది ముందు వేలు పెట్టి కూడబలుక్కోవాలి. దానికన్నా కొనుక్కోవడమే నయమని చెయ్యెత్తింది. "యాభై పెన్నీలు!"

హాలంతా ఇటు తిరిగింది. వాడిన టీ పొట్లాన్నే ఆరబెట్టి మళ్లీ వాడే మేవిస్ పాడుతోందంటే అదేదో సామాన్యమైనది కాదు. అదేమిటని మాత్రం ఎవరూ అడగలేదు. తెలియదని ఒప్పుకోవడంకన్నా డబ్బు పోగొట్టుకోవడం మర్యాద అనుకునే ఊరది.

"ఒక పౌండు!" అన్నాడు మాంసం కొట్టు లెన్.

ఆవిడ ఎంత పాడితే ఊరు అంతకు మించి పాడింది. ఒక్కొక్క చీటీ చేజారిపోయింది. చివరికి గులాబీరంగుది బయటికొచ్చింది. మేవిస్ సంచిలో ఉన్నవి ఐదు పౌండ్లు. ఐదూ పాడేసింది.

"ఆరు!" అంది పక్కింటి విన్నీ హార్‌గ్రీవ్.

"నీకెందుకే అది?" అని మేవిస్ గొణిగింది.

"నీకెందుకో, నాకూ అందుకే."

ఆదివారం మేవిస్ ఇంట్లోనే ఉండిపోయిన డబ్బా ముందు కూర్చుంది. అందులో పన్నెండు టార్టులూ, ఎవరూ పాడని తన చీటీనూ ఉన్నాయి: 'ఒక గంట కూర్చుని మీరు చెప్పేది వింటాను.'

సోమవారం పొద్దున్నుంచి తలుపు తడుతూనే ఉన్నారు. ముందు లెన్ వచ్చాడు. "నేను కొన్న వాన్‌హోప్... ఎప్పుడు వీలవుతుంది మేవిస్ గారూ?"

ఆ చీటీ మేవిస్‌కి నోటికొచ్చు. "ఇక ఆశ లేదని కుంగిపోవడం, నాయనా."

"అది మా ఇంట్లో ఉందండీ. కొనక్కర్లేదు" అని లెన్ చీటీ వెనక్కిచ్చి ఒక టార్టు పట్టుకెళ్లాడు.

స్కూలు వంటావిడ డోరిస్‌కి వచ్చింది వేర్‌గిల్డ్. చచ్చిపోయిన మనిషికి కట్టే ఖరీదు.

"మూడున్నర పౌండ్లకా?" అంది డోరిస్. "మా ఆయనకది ఎక్కువే." ఆవిడా చీటీ ఇచ్చి టార్టు తీసుకుంది.

అందరి తర్వాత విన్నీ వచ్చి గులాబీరంగు చీటీ బల్ల మీద పెట్టింది. "ఊ, నేను కొన్నదేమిటో చేసిపెట్టు."

ఇది నోటికి రాదు. మేవిస్ కూర్చుంది. అక్షరాల కింద వేలు పెట్టి, ఒక్కొక్క ముక్కే పలికింది. విన్నీ ఆ వేలువంక చూసింది. తర్వాత చాలాసేపు కిటికీవంక చూసింది.

"వెడ్. ఇచ్చిన మాట. దానికి పెట్టిన పూచీ." కింద సిరిల్ తనకోసం రాసుకున్న ఇంకో వరుస ఉంది. "మేవిస్... కూర్చున్న రోజున... చెప్పాలి."

పొయ్యి మీద ఏమీ లేదు. ఏదీ మాడటం లేదు.

"ఇంతేనా?" అంది విన్నీ. "దీనికి ఆరు పౌండ్లా?"

"నీకు చౌకగానే వచ్చింది" అంది మేవిస్.