తిమ్మయ్య బొమ్మకు రబ్బరు పరీక్ష

ఒక బొమ్మ అసలో నకలో తేల్చే హక్కు దాన్ని గీసిన చేతికే ఉంటుందని నమ్మే అమాయకులు ఈ రాష్ట్రంలో ఇంకా కొందరు మిగిలి ఉన్నారు. వారి భ్రమ తొలగించడానికే కర్నూలులో వర్ణచిత్రాల అసలు నిర్ధారణ కేంద్రం నడుస్తోంది. పనివేళలు పదిన్నర నుంచి అయిదు దాకా (మధ్యలో భోజన విరామం, ఆ తర్వాత భోజనం అరగడానికి విరామం).

కోయిలకుంట్ల నాగజ్యోతి అలాంటి అమాయకుల్లో ఒకతె. బట్టలు కుట్టడం ఆమె వృత్తి, రంగు పెన్సిళ్లతో బొమ్మలు వేయడం ఆమె పిచ్చి. రెండేళ్ల కిందట తండ్రి తిమ్మయ్య పోయాక వెతికితే, ఆధార్ కార్డు మీద తప్ప ఇంట్లో ఆయన ఫోటో ఎక్కడా లేదు. ఆ ఫోటోలో ఆయన గొర్రెల దొంగతనం ఒప్పుకోబోతున్న మనిషిలా ఉంటాడు. అందుకని నాగజ్యోతి కర్నూలు పోయి నలభై ఎనిమిది రంగుల పెట్టె కొనుక్కొచ్చింది (కోయిలకుంట్లలో దొరికేది బడిపిల్లల పన్నెండు రంగుల పెట్టె, అందులో మనుషులంతా గులాబీ రంగులో పుడతారు). నాలుగు నెలలు కూర్చుని, శనగ చేలో భుజాన తువ్వాలుతో నిలబడిన నాయనను జ్ఞాపకం మీద గీసింది. చెంపలకు ఒకదాని మీద ఒకటి పదకొండు పూతలు వేసింది. రేగడి నేలకు నల్ల పెన్సిల్ ముట్టుకోకుండా ముదురు నీలం, కాఫీ రంగు, వంకాయ రంగు కలిపింది. చెయ్యి ఆనితే రంగు చెదురుతుందని అరచేతి కింద బటర్ పేపరు పెట్టుకుంది.

పూర్తయిన రోజు తల్లి సుబ్బలక్ష్మమ్మ బొమ్మ ముందు నిలబడి పైనుంచి కిందిదాకా చూసింది. చివరికి, "తువ్వాలు ఎడమ భుజాన్నే ఏసుకునేవాడు, బాగా గుర్తుపెట్టుకున్యావు" అని లోపలికి పోయి ఏడ్చింది. కాగితానికి అద్దం తగలకుండా ఎడం వదిలి ఫ్రేము కట్టించి, ఎండ పడని గోడకు తగిలించారు.

మేనత్తలు ముగ్గురూ తమకూ కావాలన్నారు. నాగజ్యోతి బొమ్మను ఫ్లెక్సీల షాపుకు తీసుకుపోయి మూడు ప్రింట్లు తీయించింది. ప్రింట్లు ఆమెకిచ్చి, స్కాన్ మాత్రం షాపువాళ్లు కంప్యూటర్‌లో ఉంచుకున్నారు. (ఫ్లెక్సీ షాపు కంప్యూటర్‌లోకి పోయిన బొమ్మ ఊరందరి ఉమ్మడి ఆస్తి. పెళ్లికొడుకు వెనక పూలతోట, నాయకుడి పక్కన పులి అలా వచ్చినవే.) డిసెంబరులో విత్తనాల దుకాణం శివశంకర్ క్యాలెండరు వేయించడానికి వచ్చి, రైతు బొమ్మ ఏదన్నా ఉందా అని అడిగాడు. ఉంది.

జనవరికల్లా తిమ్మయ్య రెండు వేల ఇళ్ల గోడల మీద వెలిశాడు. భుజం మీది తువ్వాలు తీసేసి చేతిలో విత్తనాల ప్యాకెట్ పెట్టారు. కింద 'ఈ విత్తనమే నా నమ్మకం' అని రాయించారు. ఆ దుకాణంలో కొన్న శనగ విత్తనం మూడెకరాల్లో మొలవకపోతే, బతికినన్నాళ్లూ ఆ గడప తొక్కనని ఒట్టు పెట్టుకుని, పోయేదాకా మాట మీద నిలబడ్డ మనిషి ఆయన. పోయాక అదే దుకాణానికి కొలువు చేస్తున్నాడు.

నాగజ్యోతి నేరుగా దుకాణానికే పోయింది. శివశంకర్ చెడ్డవాడేమీ కాదు. కుర్చీ వేసి, కూల్‌డ్రింకు తెప్పించాడు.

"మీ నాయన్ను రెండువేల ఇండ్లల్లో నిలబెట్టినా చెల్లెమ్మా. ఎమ్మెల్యే ఫోటో గూడా అన్నిండ్లల్లో లేదు."

"పీకిపించేయన్నా. నీ విత్తనాన్ని మా నాయన ఏమనేవాడో నీకు తెల్సు."

"పోయినోళ్లకు కోపాలుండవు తల్లీ. అయినా ఆ బొమ్మ నీదేనని నాకేం తెల్సు? అసలు నీదేనని ఆఫీసు కాయితం పట్టుకరా, ఆ పొద్దే అన్నీ పీకిపిస్తా."

మాట న్యాయంగానే ఉంది. కోయిలకుంట్ల నంద్యాల జిల్లాలోకి పోయి ఏళ్లయింది గానీ ఆ సంగతి నిర్ధారణ కేంద్రానికి ఇంకా అధికారికంగా అందలేదు. కాబట్టి కర్నూలుకే పోవాలి. బొమ్మను ఫ్రేము ఊడదీసి, పోల్చి చూడటానికి క్యాలెండరుతో సహా తేవాలి. ముందూ వెనకా జిరాక్సు తీయించి గెజిటెడ్ అధికారితో సంతకం పెట్టించాలి. బొమ్మ వెనక ఏమీ లేదు. నాగజ్యోతి ఆ ఏమీ లేనిదాన్నే జిరాక్సు తీయించి, అది నిజంగా ఏమీ లేనిదేనని పశువుల డాక్టరు చేత ధ్రువీకరణ చేయించుకుంది. తల్లిని వెంటబెట్టుకుని బస్సెక్కింది.

కౌంటరులో సీనియర్ నిర్ధారకుడు ఉరుకుందప్ప ఉన్నాడు. బొమ్మను రెండు చేతులా అందుకుని వెలుగులో పెట్టి చూశాడు.

"శానా బాగుండాదమ్మా. ఇప్పుడో ఇంగోసేపటికో పలకరిస్తాడేమో అన్నట్టుండాది. పెన్సిలే గదా?"

"రంగు పెన్సిల్ సార్."

"రంగుదైనా పెన్సిల్ పెన్సిలేమ్మా. పెన్సిల్‌తో నింపినవి చెల్లవు, నీలిదో నల్లదో సిరా ఉండాల. అట్లని మీలాంటోళ్లను ఊరికే ఎనక్కి పంపితే పాపం గదా? అందుకే పైనోళ్లు రబ్బరు పరీక్ష పెట్టినారు. చెరిగేది చిత్తుప్రతి, చెరగనిది అసలు."

సొరుగులోంచి సీలు వేసిన కవరు తీసి, అందులోంచి తెల్ల రబ్బరు తీశాడు. ముందు క్యాలెండరును నియమం ప్రకారం నలభైసార్లు రుద్దాడు. ఏమీ చెరగలేదు సరికదా, శివశంకర్ ఫోన్ నంబరు ఇంకాస్త మెరిసింది. తర్వాత బొమ్మను దగ్గరికి లాక్కున్నాడు.

నాగజ్యోతి చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దు సార్. దుమ్ము తుడిచేదానికి మా అమ్మను గూడా ముట్టనీయలేదు దాన్ని."

ఉరుకుందప్ప నొచ్చుకున్నాడు. "నేనూ మనిషినేమ్మా, మొకం ముట్టుకోనులే. భుజం మీద రుద్దుతా. నువ్వు చెయ్యి తీయకుంటే మాత్రం పరీక్షకు ఒప్పుకోలేదని రాసి, క్యాలెండరే అసలని ఫైలు మూసేయాల్సొస్తాది."

ఆమె చెయ్యి తీసింది. ఆ తీయడం తన జీవితంలో చేసిన తప్పుల్లో పెద్దదని ఆమెకు మూడో రుద్దుకే తెలిసింది. తువ్వాలు అంచు పోయింది. పదిహేనో రుద్దుకు మడతలు పోయాయి. నాలుగు నెలల పూతలు రబ్బరు పొట్టులో కలిసి బల్ల మీద రాలాయి. అయినా ఉరుకుందప్ప నలభై పూర్తి చేశాడు (మధ్యలో ఆపితే పరీక్ష చెల్లదు, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి). పొట్టును మెల్లగా ఊది, బొమ్మను క్యాలెండరు పక్కన పెట్టి చూశాడు.

"క్యాలెండరులో తువ్వాలు లేదు. దీంట్లోనూ లేదు. సరిగ్గా సరిపోయినాయి. అంటే దాన్ని చూసే దీన్ని గీసినారు."

"తువ్వాలు ఇప్పుడు నువ్వే గదప్పా చెరిపితివి!" అంది సుబ్బలక్ష్మమ్మ.

"చెరిగింది గాబట్టే చిత్తుప్రతి అంటాండా పెద్దమ్మా" అన్నాడు ఉరుకుందప్ప ఓర్పుగా.

"మళ్లా గీసుకుంటా సార్" అంది నాగజ్యోతి.

"అట్ల చేయగూడదమ్మా. చిత్తుప్రతిని అసలుకు తేడాగా దిద్దితే కేసయితాది."

ఉత్తర్వు అరగంటలో తయారైంది. (కేంద్రం చరిత్రలో అంత తొందరగా తేలిన ఫైలు ఇంకొకటి లేదు.) క్యాలెండరు అసలు. నాగజ్యోతి బొమ్మ దాని చిత్తుప్రతి. చిత్తుప్రతిని ఇంట్లో ఉంచుకోవాలంటే అసలు యజమాని అంగీకారపత్రం కావాలి, లేకుంటే ఇక్కడే చించేయాలి. ఉరుకుందప్పకు ఆడబిడ్డను చిన్నబుచ్చి పంపడం ఇష్టంలేక, తన ఫోన్ నుంచే శివశంకర్‌కు కాల్ చేశాడు. శివశంకర్ రెండో మాట అనలేదు. అయిదు నిమిషాల్లో దుకాణం లెటర్‌హెడ్ మీద వాట్సాప్‌లో పంపాడు: 'మా రైతును సదరు నాగజ్యోతి వారు తమ ఇంట్లో పెట్టుకొనుటకు మాకెట్టి అభ్యంతరమూ లేదు.' క్యాలెండరు గడువు ఆ సంవత్సరంతో తీరిపోతుంది కాబట్టి, చిత్తుప్రతికి అంతకు మించి ఇవ్వడం కుదరదని ఉరుకుందప్ప దాన్ని ప్రింటు తీయించి, కింద ఎర్ర సిరాతో తేదీ వేసి, స్టాంపు కొట్టి ఇచ్చాడు.

తిరుగు బస్సులో నాగజ్యోతి బొమ్మను బటర్ పేపరులో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. బస్సు బనగానపల్లె దాటింది.

"ఇంగ మీ నాయన మనింట్లోనే ఉండచ్చు గదా?" అని అడిగింది సుబ్బలక్ష్మమ్మ.

"డిసెంబరు ముప్పై ఒకటి దాకా ఉండచ్చంటమ్మా."

సుబ్బలక్ష్మమ్మ కూతురి ఒళ్లో జారుతున్న బటర్ పేపరును సర్దింది. "పోనీలే. ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఇంకెన్నాళ్లుంటాడని కాళ్లు పట్టుకుని అడిగినా ఒక్కరూ చెప్పల్యా. వీళ్లు నయం, తేదీ ఏసిచ్చినారు."